మడత ఫోనులో పెన్నుకు గూడు ఉండాలా?

(ఇంగ్లండులోని ఒక తెలుగు కమ్యూనిటీ రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

ఈ వారం నేను ఎత్తుకున్న విషయం చూడ్డానికి చాలా చిన్నది. పుస్తకంలా మడతపడే ఫోన్లు ఇప్పుడు రైళ్ళలోనూ ఆఫీసుల్లోనూ అక్కడక్కడా కనిపిస్తున్నాయి కదా. విప్పితే చిన్న పలకంత తెర. ఆ తెర మీద రాసుకోవడానికి పెన్ను ఉంటే, దాన్ని పెట్టుకునే గూడు ఫోనులోనే ఉండాలా? లేక పెన్ను విడిగా అమ్మితే సరిపోతుందా? ఇదీ ప్రశ్న.

"అంత ఖరీదు ఫోన్లు కొనేవాళ్ళ కష్టాలు మాకెందుకండీ" అని రేడియో కట్టేయకండి. ఇందులో తెలుగు రాయడం అనే సంగతి ఒకటి ఇమిడి ఉంది. అందుకే ఇక్కడ మాట్లాడుతున్నాను.

ముందు ఈ దేశపు కథ చెబుతాను. మడతపడే యంత్రంలో పెన్ను ఎక్కడ పెట్టాలన్న లెక్కని లండన్ కంపెనీ ఒకటి 1997లోనే చక్కగా తేల్చింది. ఆ కంపెనీ పేరు సయాన్. ఇంగ్లీషులో 'పి' అక్షరంతో మొదలవుతుంది గానీ ఆ 'పి' పలకదు. 1980లో డేవిడ్ పాటర్ అనే ఆయన పెట్టారు. 1984లో ఆర్గనైజర్, 1991లో సిరీస్ 3, 1997లో సిరీస్ 5 అని చేతిలో పట్టే కంప్యూటర్లు తెచ్చారు. సిరీస్ 5 కళ్ళజోడు పెట్టెలా తెరుచుకుంటుంది. పైన తెర, కింద కీబోర్డు. మూసినప్పుడు మందం 23 మిల్లీమీటర్లు. రెండు చిన్న బ్యాటరీలతో కలిపి బరువు 354 గ్రాములు.

దాని కీలు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మూత ఎత్తగానే కీబోర్డు ముందుకు జారి వస్తుంది, తెర వెనక్కి ఆనుకుని నిలబడుతుంది. మార్టిన్ రిడిఫర్డ్ అనే డిజైనర్ చేసిన పని అది. ఎందుకలా చేశారంటే, పెన్నుతో తెరని తాకినప్పుడు మొత్తం యంత్రం వెనక్కి బోర్లా పడకూడదు కాబట్టి. అంటే పెన్నుని దృష్టిలో పెట్టుకునే కీలు తయారుచేశారన్నమాట. ఆ పెన్నుకి పక్కనే ఒక గూడు కూడా ఇచ్చారు. మూత మూసి ఉన్నా పెన్ను బయటికి తీసుకోవచ్చు.

నా దగ్గర ఒక సిరీస్ 5 ఉంది. కొన్నేళ్ళ కిందట మిల్టన్ కీన్స్ దగ్గర ఒక కార్ బూట్ సేల్‌లో కొన్నాను. అప్పటికే ఎన్ని చేతులు మారిందో తెలీదు, పెట్టె మూల ఒకటి చితికి ఉంది. కానీ పెన్ను మాత్రం గూట్లోనే ఉంది! ఇంతకీ ఆ రోజుల్లో తెరలు నొక్కితే పనిచేసే రకం. పెన్ను పోయినా గోటితో నెట్టుకురావచ్చు. పెన్ను లేకపోయినా నడిచే యంత్రానికి గూడు కట్టారు. పెన్ను లేకపోతే రాయడమే కుదరని మడత ఫోన్లకి గూడు లేదు. ఈ తిరకాసు ఎలా వచ్చిందో చూద్దాం.

2001లో సయాన్ ఈ చేతి కంప్యూటర్ల వ్యాపారం మానుకుంది. 2007 జనవరిలో ఐఫోన్ని చూపిస్తూ స్టీవ్ జాబ్స్ పెన్నులు ఎవరికీ అక్కర్లేదనీ, తీయాలి, మళ్ళీ పెట్టాలి, పారేసుకుంటామనీ వెక్కిరించారు. గమనించండి, ఆయన చెప్పినవన్నీ పెన్ను ఎక్కడుంటుందన్న దాని గురించే. పెన్నుతో రాయడం చెడ్డదని ఆయన అనలేదు. 2011లో శాంసంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ అనే ఫోను తెచ్చి పెన్నుని లోపలే దోపింది. అది బాగా అమ్ముడుపోయింది. ఆ వరసలో వచ్చిన అల్ట్రా ఫోన్లలో 2022 నుంచీ అదే గూడు ఉంటోంది. నీళ్ళు దూరతాయని కొందరు అంటారు గానీ, గూడు ఉన్న ఈ ఫోన్లు నీటికి తట్టుకునేవే. కాబట్టి అది కారణం కాదు.

ఇక మడత ఫోను. 2021 ఆగస్టులో వచ్చిన ఫోల్డ్ 3తో శాంసంగ్ మడత తెర మీద పెన్ను పనిచేసేలా చేసింది. బ్రిటన్‌లో అప్పటి ధర 1,599 పౌండ్లు. పెన్ను మాత్రం విడిగా కొనుక్కోవాలి. పెట్టుకోవడానికి చోటున్న కవరు కూడా విడిగానే. ఇది మామూలు పెన్ను కాదు. మడత తెర పైపొర మెత్తగా ఉంటుంది, అందుకని గట్టిగా నొక్కితే మొన లోపలికి వెళ్ళిపోయేలా చేశారు.

ఈ పెన్ను ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. పెన్నులో బ్యాటరీ ఉండదు. తెర కింద సన్నటి తీగల వల లాంటి పొర ఒకటి ఉంటుంది. దాన్నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రంలోని శక్తిని పెన్నులో ఉన్న చిన్న తీగచుట్ట అందుకుని, తానెక్కడ ఉన్నదీ ఎంత నొక్కుతున్నదీ తిరిగి చెబుతుంది. జపాన్‌లోని వాకమ్ కంపెనీ పద్ధతి ఇది. ఇందువల్ల రెండు లాభాలు. అరచేయి తెర మీద ఆనించి కాగితం మీద రాసినట్టే రాయొచ్చు. చలికాలంలో చేతికి ఉన్ని గ్లవుజులున్నా రాయొచ్చు. జనవరిలో ఈ దేశపు బస్సు స్టాపుల్లో నిలబడ్డవాళ్ళకి ఆ సుఖం తెలుస్తుంది.

మరి గూడు ఎందుకు పెట్టలేదు? లెక్క చూడండి. అల్ట్రా ఫోన్లలో దూర్చే పెన్ను మందం సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. 2024లో వచ్చిన ఫోల్డ్ 6ని విప్పితే ఒక్కో రేకు మందం 5.6 మిల్లీమీటర్లు. పెన్ను పోగా పైనా కిందా కలిపి మిగిలేది మిల్లీమీటరు పైచిల్లర. అందులోనే తెర, వెనక అద్దం, ఫ్రేము అన్నీ ఇరకాలి. పైగా పెన్ను పొడుగునా బ్యాటరీకి చోటు తగ్గుతుంది. 2025 జులైలో ఫోల్డ్ 7 వచ్చింది. విప్పితే 4.2 మిల్లీమీటర్లు, బరువు 215 గ్రాములు. అంటే ఫోను కన్నా పెన్నే లావు! బ్రిటన్‌లో అప్పటి ధర 1,799 పౌండ్లు. పల్చన చెయ్యడం కోసం ఆ తీగల పొరనే తీసేశారు. ఇప్పుడు గూడు మాట అటుంచి, దాని మీద ఆ పెన్నే పనిచెయ్యదు.

పల్చన ఫోను కావాలనడం తప్పని నేననను. మడిచినప్పుడు 12 మిల్లీమీటర్లు దాటే ఫోను జేబులో ఇటుకలా ఉండేది. అందరికీ రోజూ మోసే బరువు తగ్గింది. కానీ ఎవరికి నష్టం జరిగిందో కూడా చెప్పుకోవాలి.

మా అమ్మ ఏటా ఎండాకాలం మా దగ్గరికి వస్తుంది. ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ డైరీ రాసే మనిషి. ఫోనులో తెలుగు టైపు చేయడం మాత్రం ఆవిడకి కుదరదు. ఎందుకో చూడండి. 'లక్ష్మి' అన్న మాటలో చేత్తో రాసేవాళ్ళకి రెండే అక్షరాలు. కంప్యూటరుకి అది ఏడు ముక్కలు: ల, క, ఒక పొల్లు, ష, ఇంకో పొల్లు, మ, చివర గుడి. ఆ విడగొట్టే పద్ధతి చిన్నప్పుడు బళ్ళో ఎవరూ నేర్పలేదు. అదే చేతిరాతగా రాస్తే గూగుల్ కీబోర్డు చక్కగా గుర్తుపట్టి అచ్చక్షరాల్లో పెడుతుంది. వేలితోనూ రాయొచ్చు గానీ, వేలు లావు. ఒత్తు ఎక్కడ పడిందో, తలకట్టు తగిలిందో లేదో వేలి కిందే దాగిపోతుంది. పెన్నుతో ఆ ఇబ్బంది లేదు. నా మడత ఫోను విప్పి పెన్ను ఇస్తే ఆవిడ మా పిన్నికి రోజుకో ఉత్తరం రాసింది, వాట్సాప్‌లో.

మరి పెన్ను ఎక్కడ పెట్టేది? ఫోనులో చోటు లేదు కాబట్టి తన కళ్ళజోడు పెట్టెలో పెట్టుకునేది. సెప్టెంబరులో కళ్ళజోడు పెట్టెతో పాటు పెన్ను కూడా విజయవాడ వెళ్ళిపోయింది. ఫోను ఇక్కడ, పెన్ను అక్కడ. ఉత్తరాలు ఆగిపోయాయి.

ఇక్కడే నాకు మన గంటం గుర్తుకొచ్చింది. తాటాకు గ్రంథం చూసే ఉంటారు. పైనా కిందా రెండు చెక్కలు, మధ్యలో తాడు. అందులో గంటానికి చోటు లేదు. దక్షిణాదిలో రాయసం చేసేవాళ్ళు గంటాన్ని చిన్న కత్తితో పాటు ఒరలో పెట్టి నడుముకి దోపుకునేవారు. వాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే రాయడమే వాళ్ళ వృత్తి. రోజంతా రాసేవాడు పెన్నుని తన ఒంటి మీదే ఉంచుకుంటాడు. ఇవాళ బొమ్మలు వేసే కళాకారులూ అంతే. గూడు లేదని వాళ్ళు పెన్ను మానుకోరు.

గూడు కావాల్సింది అప్పుడప్పుడూ రాసేవాళ్ళకి. రోజుకి పది లైన్లు రాసే పెద్దవాళ్ళకి, శనివారం తెలుగు బడిలో అక్షరాలు దిద్దే పిల్లలకి, సరుకుల జాబితా రాసుకునే మనలాంటివాళ్ళకి. వీళ్ళు పెన్ను వెతుక్కుని తెచ్చుకుని రాయరు. చేతికందితేనే రాస్తారు. పెన్ను విడిగా అమ్మితే కొనేవాళ్ళు తగ్గుతారు. కొన్నవాళ్ళలో వాడేవాళ్ళు ఇంకా తగ్గుతారు. ఆ తర్వాత "ఎవరూ వాడటం లేదు కదా" అని తీసేయడం సులువు. నాలుగు తరాల ఫోల్డ్ ఫోన్ల కథ నాకు అలాగే కనిపిస్తోంది.

గూడు కాకపోతే వేరే దారులు లేవా? ఉన్నాయి. 2018లో ఐప్యాడ్ ప్రోకి పెన్సిల్ని అయస్కాంతంతో పక్కన అంటించారు. 2021లో మైక్రోసాఫ్ట్ తన రెండు తెరల ఫోను సర్ఫేస్ డుయో 2కి పెన్ను అంటుకునే కవరు చేసింది. బ్యాగులో ఉండే ఐప్యాడ్‌కి అది బాగానే ఉంటుంది. జేబులో దూర్చి లాగే ఫోనుకి అంటించిన పెన్ను ఊడి పడుతుంది. కవరులో పెడితే, కష్టపడి తగ్గించిన మందమంతా కవరు రూపంలో వెనక్కి వస్తుంది. అంత మందం ఎలాగూ మోస్తున్నప్పుడు గూడే పెట్టొచ్చు కదా!

కాబట్టి నా జవాబు ఇది. మడత ఫోన్లన్నిట్లోనూ గూడు ఉండాలని అనను. పల్చటిది ఒకటి, పెన్నుకు గూడున్న కాస్త లావుపాటిది ఒకటి, రెండూ అమ్మాలి. మామూలు ఫోన్లలో శాంసంగ్ చేసింది సరిగ్గా అదే. 2025లో ఒకే ఏడు 5.8 మిల్లీమీటర్ల ఎడ్జ్ ఫోనూ, లోపల పెన్నున్న 8.2 మిల్లీమీటర్ల అల్ట్రా ఫోనూ అమ్మింది. తెర రెట్టింపు ఉన్న మడత ఫోనులో, రాయడానికి అసలైన చోటున్న దాంట్లో, ఆ ఎంపిక లేకపోవడం విచిత్రం.

కొనబోయేవాళ్ళకి మూడు మాటలు చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చేత్తో రాసేవాళ్ళయితే ఇవాళ్టికి గూడున్న మామూలు అల్ట్రా ఫోనే మేలు. పాతది సెకండ్ హ్యాండ్‌లో దొరికినా చాలు. ఫోల్డ్ 3 నుంచి ఫోల్డ్ 6 దాకా ఏదైనా ఉంటే, ఫోల్డ్ కోసమే చేసిన పెన్ను కొనండి. అల్ట్రా పెన్ను దాని మీద వాడకండి, తెర పాడవుతుంది. ఫోల్డ్ 7 ఉన్నవాళ్ళు గూగుల్ కీబోర్డులో తెలుగు చేతిరాత పెట్టుకుని వేలితోనే పెద్దగా రాయండి. తెర పెద్దదే కాబట్టి ఒత్తులు కొంత స్పష్టంగానే పడతాయి.

అమ్మ మళ్ళీ వచ్చే లోపు ఆ పెన్ను ఎవరి సామాన్లోనైనా పంపమని చెప్పాను. ఈలోగా మీరు ఇంట్లో తెలుగు ఎలా రాస్తున్నారో, కీబోర్డుతోనా, వేలితోనా, పెన్నుతోనా, మాకు తెలియజేయండి. వచ్చేవారం ఆ సంగతులు మాట్లాడుకుందాం. అంతవరకూ సెలవు.