హౌరా బ్రిడ్జికి లేని బోల్టు

కోల్‌కతాకు వచ్చిన చుట్టాలకు మనం మొదట చూపించేది హౌరా బ్రిడ్జి. 1943లో రాకపోకలకు తెరిచిన ఈ వంతెనలో సుమారు 26,500 టన్నుల ఉక్కు ఉంది. నట్లు, బోల్టులతో కాదు, రివెట్లతో కట్టారు. ఎర్రగా కాల్చిన రివెట్‌ను రంధ్రంలో దూర్చి, రెండో కొసను సాగగొడతారు. చల్లారుతూ అది కుంచించుకుని పలకలను బిగించేస్తుంది. మర లేదు కాబట్టి తిరిగి ఊడే ప్రశ్నే లేదు.

మరి ఊళ్లో మన తోట దున్నే చిన్న ట్రాక్టరుకు రివెట్లు ఎందుకు కొట్టరు? రిపేరుకు విప్పాలి కదా! అందుకే బోల్టులు. ఇంజను అదురుకు, బిగించిన భాగాలు ఒకదానిమీద ఒకటి అటూ ఇటూ జరుగుతుంటే నట్టు తనంతట తానే వదులవుతుంది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో దీన్ని ప్రయోగంతో చూపించారు.

వర్క్‌షాపుల్లో ఒక వేళాకోళం ఉంది. కొత్త కుర్రాడు బిగింపు పూర్తిచేశాక, అతని ట్రేలో ఎవరో ఒక నట్టు ఎక్కువ వేస్తారు. పాపం, మళ్లీ అంతా విప్పుతాడు. "ఎడమ మర నట్టు పట్రా" అని పంపడం ఇంకొకటి. దానికి నవ్వొస్తుంది, సైకిల్ ఎడమ పెడల్‌కు నిజంగానే ఎడమ మర ఉంటుంది మరి! మొదటిది మాత్రం నాకు నచ్చదు. రెండుసార్లు మోసపోయినవాడు, మూడోసారి నిజంగా మిగిలిన నట్టును కూడా నవ్వి జేబులో వేసుకుంటాడు. అది రోటవేటర్ బ్లేడుదైతే?

సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంజను ఆపి, తాళంచెవి తీసి, నట్లన్నీ పానాతో బిగించి, ప్రతి నట్టు మీదుగా బోల్టు దాకా పెయింటుతో గీత గీయించండి. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. బ్లేడు బోల్టులపై మట్టికి గీత నిలవదు. వాటిని దుక్కికి దిగే ముందు ప్రతిసారీ పానాతోనే చూడాలి.