నాటిన చేతికి ఫలం దక్కేనా?
సూరత్ బాల ఫుట్‌బాల్ క్లబ్బుల ముందున్న లెక్క

సూరత్: ఉదయం మగ్గమెక్కిన దారం సాయంత్రానికి గుడ్డగా దిగుతుంది. ముడి వజ్రం కొద్ది రోజుల్లో సానదేరి అంగడికి చేరుతుంది. పెట్టిన పెట్టుబడి త్వరగా చేతికి రావాలన్నది ఈ నగర వ్యాపార సూత్రం. ఫుట్‌బాల్ క్రీడాకారుణ్ణి తీర్చిదిద్దే పనికి మాత్రం ఈ సూత్రం వర్తించదు. ఎనిమిదేళ్ల బాలుడు బంతిని అదుపు చేయడం నేర్చిన నాటి నుంచి పెద్దల జట్టులో స్థానం సంపాదించే నాటికి సుమారు పదేళ్లు పడుతుంది. ఈ పదేళ్ల ఖర్చును భరించేది చిన్న క్లబ్బులు, తల్లిదండ్రులు. ఫలం చేతికందే వేళకు క్రీడాకారుడు మరో నగరానికో, మరో జట్టుకో వెళ్లిపోతాడు. అటువంటప్పుడు నాటిన చేతికి దక్కేదేమిటన్నదే ప్రశ్న.

ఫుట్‌బాల్‌లో గుజరాత్ వెనుకబడి ఉందన్నది కాదనలేని విషయం. 1941లో ఆరంభమైన సంతోష్ ట్రోఫీని ఆ రాష్ట్రం ఇంతవరకు ఒక్కసారి కూడా గెలుచుకోలేదు. పాఠశాల విద్యార్థులను మైదానాలకు రప్పించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2010లో ఖేల్ మహాకుంభ్ పోటీలను ప్రారంభించింది. 2024 మే నెలలో ఆరు జట్లతో గుజరాత్ సూపర్ లీగ్ జరుగగా, అందులో సూరత్ స్ట్రైకర్స్ పేరిట ఈ నగరానికీ ఒక జట్టు ఏర్పడింది. నగరం పేరుతో జట్టు రావడం సంతోషించదగినదే. అయితే ఆ జట్టులోకి నగరపు పిల్లలు ఏటా ఎందరు ఎదిగివస్తారన్నదే అసలు కొలమానం.

క్రీడాకారులను తయారుచేసే శక్తి సూరత్‌కు లేదనడానికి వీల్లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత పురుషుల టేబుల్ టెన్నిస్ జట్టులో ఆడిన హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్ ఇరువురూ ఈ నగరానికి చెందినవారే. చిన్ననాటి నుంచి క్రమం తప్పని శిక్షణ, స్థానికంగా పోటీలు అందుబాటులో ఉండడం ఆ క్రీడకు బలం చేకూర్చాయి. ఫుట్‌బాల్‌కు కావలసినవీ ఇవే. కాకపోతే బల్లకు బదులు మైదానం కావాలి. కిక్కిరిసిన పారిశ్రామిక నగరంలో అన్నింటికన్నా ఖరీదైనది మైదానమే.

తెలుగు కుటుంబాల సమస్య

ఈ విషయం తెలుగువారికీ సంబంధించినదే. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి నేతపనికై తరలివచ్చిన కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్‌లో నివసిస్తున్నాయి. వీరి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలను సైతం నడుపుతూ వచ్చింది. మరమగ్గాల కార్ఖానాల్లో పన్నెండు గంటల షిఫ్టు సర్వసాధారణం. పగటి షిఫ్టు తండ్రి సాయంత్రం బిడ్డను మైదానానికి తీసుకువెళ్లలేడు. రాత్రి షిఫ్టు తండ్రి ఆ వేళకు పనికి బయలుదేరుతాడు. బూట్లు, దుస్తులు, రానుపోను ఆటో ఖర్చు, పౌష్టికాహారం అన్నీ కలిస్తే కార్మిక కుటుంబానికి అది చిన్న భారం కాదు. బస్తీకి నడిచివెళ్లేంత దూరంలో మైదానం ఉంటే తప్ప ఈ పిల్లలకు ఫుట్‌బాల్ అందని పండే.

గెలుపే గురి కారాదు

బాలల క్లబ్బు ఏం చేయాలన్న విషయంలో ప్రపంచమంతటా ఇప్పుడు దాదాపు ఏకాభిప్రాయం ఉన్నది. పదేళ్లలోపు పిల్లలను పదకొండు మందితో పెద్ద మైదానంలో ఆడిస్తే ఒక్కొక్కరికి బంతి తగిలేది బహు తక్కువ. అందుచేత ఐదుగురు, ఏడుగురు సభ్యుల జట్లతో, చిన్న మైదానంలో, చిన్న గోల్ స్తంభాల మధ్య ఆడిస్తారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో ప్రవేశపెట్టిన గోల్డెన్ బేబీ లీగ్‌ల ఉద్దేశం ఇదే. ఈ వయసులో బంతితో స్నేహం కుదరాలి. వ్యూహాలు, శారీరక దారుఢ్యం, స్థానాల నిర్ణయం తరువాతి దశలు.

ఆచరణలో జరుగుతున్నది తరచు ఇందుకు భిన్నం. పన్నెండేళ్లలోపు పోటీలో కప్పు గెలిస్తే క్లబ్బుకు పేరు వస్తుంది, రుసుము చెల్లించే తల్లిదండ్రులు పెరుగుతారు. ఆ ఆశతో శిక్షకుడు ఎత్తరి, బలశాలి అయిన పిల్లలనే ఆడించి మిగిలినవారిని బెంచీకి పరిమితం చేస్తాడు. జనవరి ఒకటిని వయోపరిమితి తేదీగా పాటించే పోటీల్లో సంవత్సరం తొలి మాసాల్లో పుట్టిన పిల్లలే అధికంగా ఎంపికవుతున్నట్లు పలు దేశాల అధ్యయనాల్లో వెల్లడైంది. పది నెలల ముందు పుట్టడం వల్ల వచ్చిన బలాన్ని ప్రతిభగా భ్రమించడమే ఇందుకు కారణం. డిసెంబరులో పుట్టిన చురుకైన బాలుడు ఈలోగా ఆటకే దూరమవుతాడు. ఈ నష్టం ఏ పద్దు పుస్తకంలోనూ కనిపించదు.

రహీం చూపిన బాట

ఈ సందర్భంగా హైదరాబాద్ అనుభవం గుర్తుచేసుకోదగినది. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకున్నది. ఆయన మార్గదర్శకత్వంలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం వంటివారు ఆ తరంలో వెలుగులోకి వచ్చారు.

రహీం పెద్ద జట్లతోనే సరిపెట్టుకోలేదన్నది గమనార్హం. కుర్రవాళ్ల కోసం ఆయన ప్రత్యేక తరహా పోటీలు నిర్వహించేవారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. మరొక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం, బంతిని సహచరునికి అందించవలసిందే. ఎవరు గెలిచారన్నది కాక, ఎవరు ఏమి నేర్చుకున్నారన్నదే ఆ పోటీల పరమార్థం. వీటికి పెద్ద మైదానాలు గాని, విదేశీ శిక్షకులు గాని అక్కరలేదు. 1963లో రహీం మరణానంతరం హైదరాబాద్ ఫుట్‌బాల్ క్రమంగా పూర్వవైభవాన్ని కోల్పోయింది. ఒక వ్యక్తిపై ఆధారపడిన పద్ధతి ఆ వ్యక్తితోనే కుంటుపడుతుందన్నది ఈ కథలోని రెండో పాఠం.

పరిహారం ఎవరికి?

ఇక డబ్బు సంగతి. 1995లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పుతో, ఒప్పందం ముగిసిన క్రీడాకారుడు యూరోపియన్ యూనియన్ పరిధిలో బదిలీ రుసుము లేకుండానే క్లబ్బు మారే స్వేచ్ఛ పొందాడు. చిన్న క్లబ్బులు దెబ్బతినకుండా అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 2001లో కొత్త నిబంధనలను తెచ్చింది. వీటి ప్రకారం బాల్యంలో శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు రెండు విధాల రాబడి ఉన్నది. క్రీడాకారుడు తొలి వృత్తి ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు లభించేది శిక్షణ పరిహారం. ఒప్పందం అమలులో ఉండగా అతడు దేశం దాటి బదిలీ అయినప్పుడు ఆ రుసుములో లభించే 5 శాతం వాటా సంఘీభావ నిధి.

ఈ 5 శాతాన్ని క్రీడాకారుని 12వ ఏటి నుంచి 23వ ఏటి వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నీ పంచుకుంటాయి. మొదటి నాలుగేళ్లకు ఏడాదికి 0.25 శాతం, తరువాతి ఎనిమిదేళ్లకు ఏడాదికి 0.5 శాతం చొప్పున లెక్కిస్తారు. ఉదాహరణకు, సూరత్ క్లబ్బు ఒక బాలుణ్ణి 12వ ఏటి నుంచి 18వ ఏడు ముగిసే వరకు తీర్చిదిద్దిందనుకుందాం. అనంతరం అతడు కోటి రూపాయలకు విదేశీ క్లబ్బుకు బదిలీ అయితే ఆ క్లబ్బుకు రెండున్నర లక్షలు అందుతాయి. బస్తీ క్లబ్బుకు ఇది చాలినంత కాకపోయినా కొట్టిపారవేయదగిన మొత్తం కాదు. దేశంలోపలి బదిలీలకు ఆయా జాతీయ సమాఖ్యల నిబంధనలు వర్తిస్తాయి. ఆ నిబంధనల్లోనూ శిక్షణ ఇచ్చిన క్లబ్బుకు ప్రతిఫలం ఉండాలని ఫిఫా నిర్దేశించింది.

అయితే ఈ హక్కు కాగితం మీదనే ఆధారపడి ఉన్నది. ఏ వయసులో ఏ క్లబ్బులో నమోదై ఉన్నాడో తెలిపే క్రీడాకారుని పాస్‌పోర్టే ఇందుకు ఆధారం. సొమ్ము పంపకం కోసం 2022 నవంబరులో పారిస్‌లో ఫిఫా క్లియరింగ్ హౌస్ పని ప్రారంభించింది. కాని గుర్తింపు పొందిన సంఘానికి అనుబంధం లేని క్లబ్బు పేరు, నమోదు కాని పిల్లవాడి పేరు ఆ వ్యవస్థకు కనిపించవు. ఆరేళ్లు చెమటోడ్చిన శిక్షకుడి శ్రమ ఒక్క దరఖాస్తు లోపించినందువల్ల లెక్కలోకి రాకుండా పోతుంది.

వలస కుటుంబాల విషయంలో చిక్కు మరింత జటిలం. జనన ధ్రువీకరణ పత్రం ఒక రాష్ట్రంలో, పాఠశాల రికార్డు మరో రాష్ట్రంలో ఉంటాయి. పేరు, ఇంటిపేరు వరుసలు తారుమారవుతాయి. పుట్టిన తేదీ రెండుచోట్ల రెండు విధాలుగా నమోదైతే వయసు దాచిన అనుమానం పిల్లవాడిపై పడుతుంది. ఎముకల ఎదుగుదల పరీక్షలు ఆచరణలో ఉన్న ఈ రోజుల్లో బాల క్లబ్బు నిర్వాహకుడు విజిల్‌తోపాటు ఫైలునూ చేతపట్టక తప్పదు.

బాలికల సంగతి మరవరాదు. నిజామాబాద్ జిల్లాలోని తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య జాతీయ జట్టుకు ఆడడమే గాక క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ క్లబ్బుకూ వెళ్లింది. 2024-25కు గాను అఖిల భారత సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. చిన్న ఊళ్లో నమ్మకంగా పనిచేసే శిక్షణ ఉంటే ఎంతదూరం వెళ్లవచ్చో ఇది చెబుతుంది. విచారకరమైన విషయమేమంటే, ఫిఫా శిక్షణ పరిహార నిబంధనలు చిరకాలం మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించలేదు. బాలికలను తీర్చిదిద్దిన క్లబ్బుకు దక్కింది ప్రధానంగా గౌరవమే.

బదిలీ సొమ్ము మీద ఆశతో బాల క్లబ్బు నడవదు, నడవనూ కూడదు. వందమంది పిల్లల్లో వృత్తి క్రీడాకారులయ్యేవారు ఏ ఒకరిద్దరో. మిగిలినవారికి ఆరోగ్యం, క్రమశిక్షణ, స్నేహం మిగలాలి. వారికోసం నగరపాలక సంస్థ పాఠశాలల మైదానాలను సాయంత్రాలు తెరవాలి. వస్త్ర, వజ్ర వ్యాపారులు కప్పులు, బ్యానర్లతో సరిపెట్టక శిక్షకుల జీతాలకు చేయూతనివ్వాలి. జిల్లా సంఘం ప్రతి చిన్న క్లబ్బునూ, పన్నెండేళ్లు నిండే ప్రతి బాలుణ్ణీ, బాలికనూ నమోదు చేయించాలి. వీటిలో ఏదీ కోట్ల రూపాయల పని కాదు. మగ్గం మీద ఒక్క పోగు తెగితే వెంటనే ఆపి అతికే కార్మికుడు ఈ నగరంలో ఇంటింటా ఉన్నాడు. ఆ శ్రద్ధ అతని బిడ్డల ఆటపట్ల కూడా చూపగలిగితే చాలు.