ఇసుక పొదిగే గుడ్లు

పిల్లలూ! లక్సెట్టిపేట నుండి గోదావరి వెంబడి రోడ్డు మీద సముద్రం దాకా వెళ్ళాలంటే ఎన్ని రోజులు పడుతుంది? తొందరపడితే రెండు రోజులు చాలు. ఆగుతూ, చూస్తూ, రాసుకుంటూ వెళితే నెల రోజులైనా చాలవు. అలా ఒకసారి వెళ్ళివద్దామా? బయలుదేరే ముందు ఒక ప్రశ్న. కోడి తన గుడ్లను తానే పొదుగుతుంది. మరి మొసలి, తాబేలు గుడ్లను ఎవరు పొదుగుతారు?

శివ్వారం మొసళ్ళు

మంచిర్యాల దాటి జైపూర్ వైపు వెళితే శివ్వారం వస్తుంది. ఇక్కడి గోదావరి మడుగుల్లో ఉండే మొసళ్ళ కోసం 1978లో సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ఏర్పాటు చేశారు. చలికాలంలో దూరం నుండే చూడండి. మొసళ్ళు ఒడ్డున కదలకుండా పడుకొని ఎండ కాగుతుంటాయి. అవి శీతల రక్త జంతువులు. ఒంటికి కావలసిన వేడిని బయటి నుండే తెచ్చుకోవాలి. వేడి ఎక్కువైతే నోరు తెరుస్తాయి. నోటిలోని తేమ ఆవిరవుతూ చల్లబరుస్తుంది.

తల్లి మొసలి ఒడ్డున గుంట తీసి, పాతిక ముప్పై గుడ్లు పెట్టి కప్పేస్తుంది. ఇక పొదిగేది ఇసుకే! పిల్ల ఆడదా మగదా అన్నది కూడా గూటి వేడే నిర్ణయిస్తుంది. 28 నుండి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆడపిల్లలు, 32.5 డిగ్రీల దగ్గర మగపిల్లలు పుడతాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

సముద్రపు ఒడ్డున

చెన్నూరు, ప్రాణహిత కలిసే కాళేశ్వరం, ఏటూరునాగారం అడవులు, భద్రాచలం, మారేడుమిల్లి కనుమ, రాజమహేంద్రవరం దాటి కాకినాడ చేరాం. పక్కనే కోరింగ మడ అడవులు. బురదలో పీతలు, చేపలు పట్టే బావురుపిల్లి వాటికి పేరు. ఎదురుగా హోప్ ఐలాండ్.

చలికాలం చివరి రాత్రులలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరానికి వస్తాయి. ఇసుక తవ్వి, ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. సుమారు 45 నుండి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఇక్కడ లెక్క వేరు: చల్లని ఇసుకలో మగవి, వేడి ఇసుకలో ఆడవి!

రాత్రివేళ వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే తాబేటి పిల్ల అటు నడుస్తుంది. మనిషి లేని తీరంలో ఆ వెలుతురు సముద్రానిదే. కాని కాకినాడ నుండి ఉప్పాడ వైపు పోయే బీచ్ రోడ్డు లాంటి చోట్ల వీధి దీపాలు, మన మోటారు దీపాలు దాన్ని దారి తప్పిస్తాయి.

ఆ ఇసుక ఎక్కడిది?

సముద్రం ఒడ్డున ఉన్న ఇసుకలో కొంత మన గోదావరి మోసుకొచ్చిందే. ఆనకట్టలు, బరాజులు ఇసుకను, ఒండ్రును మధ్యలోనే ఆపుతాయి. నీళ్ళు మనకు కావాలి, నిజమే. కాని పైనుండి కొత్త ఇసుక రాక తగ్గితే అలలు తీరాన్ని కోసేస్తాయి. నదిలోనూ లారీలకు హద్దు లేకుండా ఇసుక ఎత్తితే మొసలి గూటికి చోటుండదు. మనకు ఇసుక ఇంటి సామగ్రి; వాటికి అదే పురిటిగది.

మీరే చేసి చూడండి

బడి ఆవరణలో ఇసుక కుప్ప పోయండి. మధ్యాహ్నం పైన ఒకచోట, జానెడు లోతున ఒకచోట ఉష్ణోగ్రత కొలవండి. రాత్రి మళ్ళీ కొలవండి. ఎక్కడ తేడా తక్కువ? తల్లి మొసలి లోతుగా ఎందుకు తవ్వుతుందో ఆ అంకెలే చెబుతాయి.