అమెరికా వీసా ఇంటర్వ్యూ: అమ్మానాన్నలు తెలుసుకోవాల్సినవి

ఇంటర్వ్యూ అనగానే ఒక గది, బల్లకు అటు అధికారి, ఇటు కుర్చీలో మనం అని ఊహించుకుంటాం. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో సందర్శక వీసాకు జరిగేది అలా ఉండదు. బ్యాంకులో క్యాషియర్ ముందు నిలబడ్డట్టు అద్దం ముందు నిలబడి మాట్లాడాలి. ఆ మాటలు కూడా చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. కొడుకునో కూతురినో చూడ్డానికి మొదటిసారి బయల్దేరే పెద్దవాళ్ళు ఆ కాసేపటి కోసం నెలల తరబడి దిగులు పడుతుంటారు. అక్కడ ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఆ దిగులు చాలావరకు తగ్గుతుంది.

పని మొదలయ్యేది ఇంట్లోనే. డీఎస్-160 అనే దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపాలి. సందర్శక వీసాకు ఫీజు 185 డాలర్లు. వీసా వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. ఆ తర్వాత రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి. మొదటిది వేలిముద్రలకు, ఫొటోకు. అది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా దరఖాస్తు కేంద్రంలో జరుగుతుంది. అక్కడ ప్రశ్నలకు భయపడాల్సింది ఏమీ లేదు. రెండోది కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. 2008లో మొదలైనప్పటి నుంచి బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్న కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రాంగూడలోని సొంత భవనానికి మారింది. పదేళ్ళ కిందట వెళ్ళొచ్చిన బంధువులు చెప్పే గుర్తులు ఇప్పుడు పనికిరావు. వయసు మినహాయింపు గురించి వాళ్ళు చెప్పేదీ పాతబడింది. 80 ఏళ్ళు నిండినవాళ్ళకు ఇంటర్వ్యూ లేకుండా ఇచ్చే వెసులుబాటును 2025 సెప్టెంబరు నుంచి తీసేశారు.

ఇంటర్వ్యూ రోజున సెల్‌ఫోన్ లోపలికి రానివ్వరు. స్మార్ట్ వాచీ, పెన్‌డ్రైవ్, పెద్ద సంచీ కూడా అంతే. దాచుకోవడానికి కాన్సులేట్‌లో చోటు ఉండదు కాబట్టి వాటిని ఇంట్లోనో, వెంట వచ్చినవాళ్ళ దగ్గరో ఉంచాలి. ఫోన్ లేకపోతే పిల్లల అడ్రసు గానీ, వాళ్ళ కంపెనీ పేరు గానీ గుర్తురానివాళ్ళు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. కళ్ళజోడు, వినికిడి యంత్రం వాడేవాళ్ళు మరిచిపోకూడదు. అద్దానికి అటువైపు నుంచి వచ్చే మాట అందరికీ స్పష్టంగా వినపడదు. తనిఖీ అయ్యాక పాస్‌పోర్టు, దరఖాస్తు నిర్ధారణ పత్రం చూస్తారు, వేలిముద్రలు సరిపోల్చుకుంటారు. తర్వాత వరుసలో నిలబడి మీ వంతు కోసం ఎదురుచూడాలి. భార్యాభర్తలు కలిసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే సాధారణంగా ఒకే కౌంటర్ దగ్గర ఇద్దరితో మాట్లాడతారు.

అధికారి ప్రశ్నల వెనక ఒక చట్టం ఉంది. 1952 నాటి అమెరికా వలస, జాతీయతా చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవడానికి వెళ్తున్నట్టే అధికారి మొదట భావించాలి. కాదు, తిరిగి వస్తాం అని నమ్మించాల్సిన బాధ్యత దరఖాస్తుదారుడిదే. కొన్ని రకాల ఉద్యోగ వీసాలకు మాత్రం ఈ నియమం వర్తించదు. కోర్టులో అయితే నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసి గౌరవంగా బతికిన మనిషికి తనను అనుమానిస్తున్నారని కష్టం కలగడం సహజం. కానీ ఆ అనుమానం వ్యక్తి మీద పెట్టుకున్నది కాదు. చట్టం అందరికీ ఒకే చోట గీత గీసింది.

ఆ గీత దాటడానికి మనవాళ్ళు నమ్ముకునేది కాగితాల కట్టను. పొలం పాస్‌బుక్కులు, ఇంటి దస్తావేజులు, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన ఆస్తుల విలువ పత్రం, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, అల్లుడి జీతం చీటీలు, ఆహ్వాన లేఖ అన్నీ కలిపి ఒక లావుపాటి ఫైలు తయారవుతుంది. వీటికి వేలు పోసేవాళ్ళున్నారు. అమెరికా విదేశాంగ శాఖ మాత్రం సందర్శక వీసాకు ఆహ్వాన లేఖ గానీ, ఖర్చు మాదే అంటూ పిల్లలిచ్చే అఫిడవిట్ గానీ అవసరం లేదని స్పష్టంగా చెబుతోంది. పిల్లల హామీని బట్టి కాక, తల్లిదండ్రుల సొంత జీవితాన్ని బట్టి, ఈ దేశంతో వాళ్ళకున్న బంధాలను బట్టి నిర్ణయం తీసుకుంటారు. అడిగితే చూపించడానికి ముఖ్యమైన కాగితాలు దగ్గర ఉంచుకోండి. అడక్కపోతే బాధపడకండి, ఫైలు విప్పకుండానే వీసా వచ్చినవాళ్ళు ఎందరో.

మరి అధికారి దేన్ని చూస్తారు? ఎదురుగా కంప్యూటర్‌లో ఉన్న డీఎస్-160ని. నా ఉద్దేశంలో మన ఇళ్ళల్లో ఎక్కువ ప్రమాదం తెచ్చిపెట్టేది ఈ ఫారమే. దాన్ని నింపేది అమెరికాలో ఉన్న కూతురో, ఊళ్ళోని ఏజెంటో. "నీకెందుకమ్మా, నేను నింపేశాగా" అంటే అమ్మ ఊరుకుంటుంది. కౌంటర్ దగ్గర నిలబడేది మాత్రం అమ్మే. ఫారంలో మూడు వారాలని ఉంటే ఆమె ఐదు నెలలంటుంది. నాన్న రిటైరైన సంవత్సరం ఒకటైతే ఫారంలో ఇంకొకటి ఉంటుంది. ఎవరూ అబద్ధమాడలేదు, అయినా అధికారికి రెండు కథలు కనిపిస్తాయి. ఇంకొకరు సాయం చేసి నింపితే ఆ సంగతి కూడా ఫారంలోనే చెప్పాలి. ఎవరు నింపినా చివర్లో ఎలక్ట్రానిక్ సంతకం దరఖాస్తుదారుడే చేయాలి.

అందులో రెండు ప్రశ్నలు మరీ జాగ్రత్తగా చూడాలి. ఇంతకుముందు అమెరికా వీసా ఎప్పుడైనా నిరాకరించారా అన్నది ఒకటి. మీ తరఫున ఎవరైనా వలస పిటిషన్ వేశారా అన్నది రెండోది. అమెరికా పౌరుడైన తమ్ముడు ఎప్పుడో పిటిషన్ వేసి ఉంటాడు, దశాబ్దం దాటినా అది కదిలి ఉండదు, ఇంట్లో అందరూ దాన్ని మరిచిపోయి ఉంటారు. అక్కడి రికార్డులో మాత్రం ఉంటుంది. దాన్ని దాచమని సలహా ఇచ్చే ఏజెంటు మాట వినొద్దు. నిజం చెబితే ఆ ఒక్కసారికి వీసా రాకపోవచ్చు. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పారని తేలితే చట్టం ప్రకారం జీవితాంతం అమెరికా ప్రవేశానికి అనర్హులయ్యే అవకాశం ఉంది. పేరు కూడా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన వైపు తక్కువేం కాదు. అలాంటప్పుడు ఉన్న పేరునే ఇంటిపేరు గడిలో రాసి, సొంత పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (FNU, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టాలి.

ఇక ప్రశ్నలు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్ళుంటారు, అక్కడ ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఏ వీసా మీద ఉన్నారు, ఖర్చు ఎవరిది, ఇక్కడ మీరేం చేస్తారు, మిగతా పిల్లలెక్కడ? దాదాపు ఇవే. హైదరాబాద్‌లో తెలుగులో ఇంటర్వ్యూ కోరవచ్చు. ఇంగ్లీషు రాకపోవడం లోపంగా లెక్కపెట్టరు. బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యం మధ్యలో తెగిపోవడం కన్నా "మా చిన్నబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడండీ, వాళ్ళ పాపను చూసి మూడు నెలల్లో వచ్చేస్తాం" అన్న తెలుగు మాట ఎంతో నయం. అడిగినదానికి జవాబు చెప్పి ఆగాలి. తెలియనిది తెలియదనవచ్చు.

కూతురి పురుడుకు వెళ్ళే తల్లుల సంగతి కాస్త విడిగా చెప్పాలి. మనకు అది ఆచారం, తల్లి దగ్గర లేకపోతే తప్పు. అమెరికా అధికారి చూపు వేరు. సందర్శక వీసా మీద ఉద్యోగం చేయకూడదు. "ఆరు నెలలు పిల్లను చూసుకుంటాను, అమ్మాయి ఆఫీసుకు వెళ్ళాలి కదా" అంటే ఆయాకు బదులు వెళ్తున్నారేమోనన్న సందేహం కలుగుతుంది. కూతురి దగ్గర ఉండాలని, మనవరాలిని ఎత్తుకోవాలని వెళ్తుంటే ఆ మాటే చెప్పండి. పురుడు సంగతి దాచిపెట్టి నయాగరా చూడ్డానికని మాత్రం చెప్పొద్దు. అడిగిన ప్రశ్నకు అబద్ధం దొరికితే మిగతా నిజాలకూ విలువ పోతుంది.

ఫలితం సాధారణంగా అక్కడికక్కడే తెలుస్తుంది. మంజూరైతే పాస్‌పోర్టు ఉంచుకుని, వీసా అంటించాక పంపుతారు. 221(జి) అని కాగితం ఇస్తే ఇంకా ఏదో పత్రమో, పరిశీలనో మిగిలి ఉందని అర్థం. అందులో అడిగింది అందజేసి ఎదురుచూడాలి. 214(బి) కింద నిరాకరిస్తే పాస్‌పోర్టు వెంటనే చేతికిస్తారు. దానిపై అప్పీలు లేదు, కోర్టులు కూడా సాధారణంగా జోక్యం చేసుకోవు. అయితే అది శాశ్వత నిషేధమూ కాదు. మళ్ళీ ఫీజు కట్టి ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరిస్థితుల్లో ఏ మార్పూ లేకుండా మరుసటి నెలే వెళ్తే జవాబు మారడం అరుదు. ఇంకొక్క మాట, ఫలానా కౌంటర్ మంచిది, ఫలానా రోజు కలిసొస్తుంది అని చెప్పి డబ్బు తీసుకునేవాళ్ళెవరికీ లోపలి నిర్ణయంతో ఏ సంబంధమూ ఉండదు.

వీసా వచ్చాక కూడా ఒక అపోహ మిగులుతుంది. భారతీయులకు సందర్శక వీసా సాధారణంగా పదేళ్ళకు ఇస్తారు. పదేళ్ళూ అక్కడ ఉండొచ్చని కాదు దాని అర్థం. ఆ కాలంలో ప్రయాణం చేసి అక్కడి విమానాశ్రయందాకా వెళ్ళి అనుమతి అడగొచ్చు, అంతే. ఎన్నాళ్ళుండాలో అక్కడి అధికారి నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలిస్తారు. ఆ గడువు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. గడువు దాటి ఉంటే పదేళ్ళ వీసా కూడా రద్దవుతుంది. దిగిన వారంలోనే పిల్లల చేత ఆ తేదీ తీయించి, గోడ మీది క్యాలెండర్లో రాసుకుని, అంతకు ముందే తిరుగు ప్రయాణం టిక్కెట్టు ఖాయం చేసుకోండి.