వయస్సు అడిగే యంత్రాలు

మదనపల్లెలో మా అన్నగారబ్బాయికి పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణం వున్నది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వారు విండోస్ 10ను పట్టించుకోవడం మానేసినప్పటినుంచీ అతనికి చేతినిండా పని. విండోస్ 11 పాత యంత్రాలలో చాలావాటికి ఎక్కదు. క్రొత్త యంత్రం కొనడం సామాన్య సంసారికి మాటలా? అందుచేత మావాడు వాటిలో లైనెక్సు పెట్టి యిస్తున్నాడు.

కంప్యూటరును నడిపించే పెద్ద కార్యక్రమం యిది. వెల లేదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ పనిముట్లకు, 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు వ్రాసిన గుండెకాయ జతపడింది. తరువాత దేశదేశాలవాళ్లు దాన్ని పెంచారు. మన కేంద్ర ప్రభుత్వపు సీ-డాక్ కూడా 2007లో ‘బాస్’ అనే పేరుతో వొకటి తయారుచేసింది. దీని మూలపాఠం బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు.

మొన్న నేను ప్రక్కన వుండగానే వొక యంత్రంలో ఎక్కించాడు. అది పేరడిగింది, రహస్యపదం అడిగింది, ఏ దేశపు గడియారం కావాలో అడిగింది.

“చూశావా చిన్నాయనా, వయసు అడగలేదు. ఇకమీదట అదీ అడగాలంట!” అన్నాడు.

కాలిఫోర్నియాలో 2025 అక్టోబరులో గవర్నరు సంతకం చేసిన చట్టం సంగతి అది. 2027 జనవరి 1 నుంచి కంప్యూటరుగాని ఫోనుగాని మొదటిసారి సిద్ధంచేసేటప్పుడు, దాన్ని నడిపించే కార్యక్రమమే వయస్సు అడిగి వుంచుకోవాలట. పదమూడు నిండనివారు, పదమూడు దాటి పదహారు నిండనివారు, పదహారు దాటి పద్ధెనిమిది నిండనివారు, పెద్దలు అని నాలుగు పంక్తులు. ఏ ఆట, ఏ యాప్ తెరిచినా ఆ పంక్తి యేదో దానికి తెలియజెప్పాలి. అలక్ష్యం చేస్తే వొక్కొక్క పిల్లవాడికీ 2,500 డాలర్లవరకూ, తెలిసి చేస్తే 7,500 వరకూ జరిమానా. ఋజువు కాగితం అక్కరలేదు, చెప్పినదే వేదం.

ఈ బాధ్యత ఎవరిది? కార్యక్రమాన్ని తయారుచేసేవారు, అనుమతితో యిచ్చేవారు, అదుపులో వుంచుకునేవారు అని ఆ చట్టం వ్రాసింది. ఆపిల్‌కు, గూగుల్‌కు అదేమంత పని? లాయర్లున్నారు, లక్షల కోట్లున్నాయి. రాత్రిపూట నిద్రమాని ఉచితంగా వ్రాసిపెట్టే మనిషికి జరిమానా వేస్తే అతడు కలం మూసేస్తాడు. పైగా మూలపాఠం బహిరంగం గనుక వయస్సు అడిగే నాలుగు పంక్తులను తీసివేయడం తెలివైన పదిహేనేళ్ల కుర్రవాడికి వొక పూట పని. ఆ చట్టం మదనపల్లెకు వర్తించదు, నిజమే. కాని యీ సరుకు లోకమంతటికీ వొకే గాదెలోనుంచి వస్తుంది.

అలాగని పిల్లల సంగతి గాలికి వదలమంటానా? పుంగనూరులో మా చెల్లెలి యింటికి వెళ్లినప్పుడు చూశాను. పదకొండేళ్ల పిల్లవాడు రాత్రి పదకొండు గంటలకు దుప్పటిలో తండ్రి ఫోను పెట్టుకుని యేవో చూస్తున్నాడు. ఆ ఫోను లెక్కకు చూస్తున్నవాడు నలభైనాలుగేళ్ల గృహస్థు! ఏ పంక్తి చెప్పినా అది బావగారి పంక్తే. బావగారి పుట్టినతేదీ కూడా బడిలో చేర్చినప్పుడు హెడ్మాస్టరుగారు అప్పటికప్పుడు వేసినదే. ఆ వూరి పొట్టి ఆవును చూచి దూడ అనుకునే కొత్తవాళ్లుంటారు. పళ్లు చూస్తేనేగాని వయస్సు తెలియదు. యంత్రానికి పళ్లు చూచే యోగం లేదు.

మా చెల్లెలు మాత్రం, “చట్టం వొచ్చేదాకా నేను కూచోనా అన్నా?” అని, మరునాటినుంచి ఫోనుకు తాళపుసంఖ్య పెట్టి, రాత్రి తొమ్మిదికల్లా తన తలక్రింద పెట్టుకుంటున్నది.

మన దేశపు చట్టం వేరే దారి తొక్కింది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్ధెనిమిది నిండనివారందరినీ పిల్లలే అన్నది. వాళ్ల సమాచారం సేకరించేవాడు తల్లిదండ్రుల అనుమతి, అదీ సరిచూడదగిన అనుమతి, తీసుకోవాలి. తప్పితే జరిమానా రెండువందల కోట్లవరకూ పోవచ్చు. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. యీ భాగానికి పద్ధెనిమిది నెలల గడువిచ్చారు. మనవాళ్లు సమాచారం ప్రోగుచేసుకునేవాణ్ణి పట్టుకున్నారు, పనిముట్టు చేసినవాణ్ణి కాదు. ఎవరి సమాచారమూ దాచుకోని లైనెక్సు వ్రాతగాడి జోలికి పోలేదు. ఇదే న్యాయమని నాకు తోస్తుంది. ఎవడు పిల్లవాడి చూపుతో డబ్బు చేసుకుంటున్నాడో వాణ్ణి అడగాలి. చిక్కల్లా, అనుమతి సరిచూడటానికి తండ్రి గుర్తింపు వివరాలు ఎన్ని కంపెనీల చేతుల్లో పడతాయోనని.

కుప్పంలో మా తోడల్లుడు బడిపంతులు. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ అని పథకం పెట్టి, గ్రామస్తులు కలిసి వాడుకునే కంప్యూటరు కేంద్రాలు నడిపిన రోజులు ఆయనకు జ్ఞాపకం. మావాడి దుకాణంనుంచి బడికి నాలుగు లైనెక్సు యంత్రాలు తీసుకున్నాడు. కాలిఫోర్నియా కబురంతా విని, కళ్లజోడు సవరించుకుని అన్నాడు:

“వొక్కొక్కదాని ముందు రోజుకు ముప్పైమంది పిల్లలు కూచుంటారు, నేనూ కూచుంటాను. ఎవరి వయసు వ్రాయమంటావు బావా?”

ప్రస్తుతానికి అయిదో తరగతికి వొకటి, పదో తరగతికి వొకటి, తనకు వొకటి చొప్పున మూడు ఖాతాలు తెరిచాడు. తన రహస్యపదం మాత్రం చీటీమీద వ్రాసి చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.