టేకు వైవిధ్యానికి జన్యు మార్కర్లే కొలమానం

సూరత్: దక్షిణ గుజరాత్‌లోని సూరత్, డాంగ్ జిల్లాల అడవుల్లో టేకు ప్రధాన వృక్షం. పైకి ఒకేలా కనిపించే ఈ చెట్ల మధ్య జన్యుపరమైన తేడాలను కనుగొనేందుకు శాస్త్రవేత్తలు మైక్రోశాటిలైట్ మార్కర్లను ఉపయోగిస్తారు. డీఎన్‌ఏలో కొన్ని అక్షరాల చిన్న వరుస పదేపదే పునరావృతమయ్యే చోట్లే ఈ మార్కర్లు. పునరావృతాల సంఖ్య చెట్టు చెట్టుకూ మారవచ్చు. ఆ తేడాయే వైవిధ్యానికి కొలమానం.

కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ పరిశోధకులు 2018లో టేకు జన్యుక్రమం ముసాయిదాను ప్రచురించారు. దీంతో ఇలాంటి మార్కర్ల అన్వేషణ సులభమైంది.

కొద్ది మేలిరకం చెట్ల నుంచే మొక్కలు పెంచితే తోటల్లో వైవిధ్యం తగ్గుతుంది. ఒకే తెగులుకు చెట్లన్నీ లోనయ్యే ముప్పు పెరుగుతుంది. విత్తనాలు ఎక్కడ సేకరించాలో, ఏ అడవిని ముందుగా పరిరక్షించాలో నిర్ణయించేందుకు మార్కర్లు ఆధారమవుతాయి.