అరటి కర... ఓ పట్టాన వదలదు!

పెళ్లిరోజు. తెల్లవారుజామునే గుమ్మానికి అటొకటి ఇటొకటి అరటిచెట్లు కట్టే పని పెళ్లికూతురి తమ్ముడికి పడింది. గెల బరువుకు ఓ చెట్టు వాలిపోతుంటే భుజం ఆనించి మరీ నిలబెట్టాడు. కొత్త తెల్లచొక్కా మీద నాలుగు చుక్కలు పడ్డాయి. నీళ్లేగదా అని దులిపేసుకున్నాడు. భోజనాల వేళకి ఆ చుక్కలు గోధుమరంగుకి తిరిగాయి. రాత్రికి వాళ్లమ్మ సబ్బు పెట్టి రుద్దింది. మచ్చ ముదిరింది. బ్రష్షు తెచ్చి మళ్లీ రుద్దింది. దారాలు పైకి లేచాయిగానీ మచ్చ చెక్కుచెదరలేదు. ఒక్కపూట కట్టిన చొక్కా... తోటపనికి వెళ్లే బట్టల్లో చేరిపోయింది.

అరటిచెట్టు, ఆవకాయ, పనసతొనలు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి బట్ట ఒకటైనా ఉంటుంది. దాన్ని పాడుచేసింది కర ఒక్కటే అనుకోవడానికి లేదు. ఆ తర్వాత మనం చేసిన వైద్యానికీ అందులో వాటా ఉంది.

కోసినప్పుడు అరటి కర దాదాపు నీళ్లలాగే ఉంటుంది. అందులో టానిన్ల వంటి వగరు పదార్థాలుంటాయి. గాలి తగిలితే, కరలోనే ఉండే ఓ ఎంజైము వాటి రంగు మారుస్తుంది. కోసిన యాపిల్ ముక్క నల్లబడేది కూడా ఇలాగే. తేడా ఏమిటంటే, బట్ట మీద పడ్డ కర ముందు నూలుపోగు లోపలికి ఇంకుతుంది, ఆ తర్వాత రంగు తిరుగుతుంది. అంటే మరక పైన అంటుకోవడంలేదు... పోగులోనే పుడుతోంది. ఎంత రుద్దినా పైపైన అరిగేది బట్టే! పైగా మామూలు సబ్బుబిళ్లలోని క్షారం ఈ రంగును ఇంకా ముదరబెడుతుంది. తొందరపడి సబ్బు పట్టిస్తే మచ్చకి మనమే బలమిచ్చినట్టు.

ఇనుము తోడైతే చెప్పనక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బట్టను ముందుగా కరక్కాయ, పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ద్రవంతో దానిమీద గీస్తారు. కరక్కాయలోని టానిను, ఇనుము కలిసి చిక్కటి నలుపు వస్తుంది. ఎన్ని ఉతుకులకీ పోదు. ఇనుప కత్తిపీటతో అరటికాయ తరిగితే వేళ్లు నల్లబడటం వెనకా ఇదే కథ. కర పడ్డ బట్టను తుప్పుపట్టిన బకెట్లో నానబెడితే ఇంట్లోనే కలంకారీ మొదలెట్టినట్టే!

విచిత్రమేమిటంటే... దీనికి విరుగుడు మన వంటింటికి ఎప్పుడో తెలుసు. అరటికాయ తరిగేముందు చేతికి నూనె రాసుకుంటారు. ముక్కల్ని మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తారు. మజ్జిగలోని పులుపు ఎంజైము దూకుడును తగ్గిస్తుంది, నీళ్లేమో గాలి తగలనీయవు. చేతిమీద, కూరముక్కమీద చూపించే ఈ తెలివి బట్ట దగ్గరకొచ్చేసరికి గుర్తురాదు.

కర పడగానే పొడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. బట్టను తిరగేసి, వెనకవైపు నుంచి చన్నీళ్ల ధార పడేలా పట్టుకోవాలి. తర్వాత నిమ్మరసంగానీ, నీళ్లు కలిపిన వెనిగర్‌గానీ మచ్చమీద వేసి పది నిమిషాలు ఉంచాలి. రంగు బట్టయితే ముందుగా లోపలి మడత దగ్గర ఒక్క చుక్క వేసి చూసుకోవాలి. రంగు దిగితే అక్కడితో ఆపేయాలి. నిమ్మరసం పూర్తిగా పోయేలా జాడించాక, సబ్బుబిళ్లతో కాకుండా డిటర్జెంటుతో ఉతకాలి. ఇదంతా మొదటి గంటలో జరిగితే చాలావరకు ఫలితం ఉంటుంది.

మర్నాడు కనిపిస్తే? తెల్లటి నూలుబట్టయితే 'ఆక్సిజన్ బ్లీచ్' పేరుతో దొరికే పొడిని గోరువెచ్చటి నీళ్లలో కలిపి, ప్యాకెట్ మీద రాసినంతసేపు నానబెట్టాలి. రెండు మూడుసార్లు చేస్తే మచ్చ పలచబడుతుంది. పూర్తిగా మాయమవుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఘాటువాసన వచ్చే మామూలు బ్లీచింగ్ ద్రావణంతో జాగ్రత్త. దానివల్ల నూలు బలహీనపడటం ఒక ఎత్తు. అంతకుముందు వేసిన నిమ్మరసమో వెనిగరో బట్టలో మిగిలివుంటే, ఆ రెండూ కలిసి విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చొక్కా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, తలుపులు మూసిన బాత్రూములో ఈ ప్రయోగం చేస్తే ఊపిరికే ఎసరు.

పట్టుచీర మీద పడితే ఇవేవీ వద్దు. అది అరటి కర అని చెప్పి డ్రైక్లీనింగుకి ఇచ్చేయడమే. మరకేమిటో తెలియకపోతే వాళ్లు మాత్రం ఏ మందు వేస్తారు?

పనసది వేరే దారి. అది బంక, నీళ్లకి లొంగదు. ఐసుముక్క పెట్టి గట్టిపడ్డాక గీకేసి, మిగిలినదానికి కొబ్బరినూనె రాస్తే మెత్తబడి వదులుతుంది. నూనె జిడ్డును గిన్నెలు తోమే లిక్విడ్‌తో పోగొట్టుకోవచ్చు. మామిడి సొన కూడా నీళ్లకి కలవదు, అందులో నూనెలాంటి పదార్థాలుంటాయి. మచ్చకింద పాతగుడ్డ పరిచి, మందులషాపులో దొరికే స్పిరిట్‌తో పైనుంచి అద్దితే సొన కిందిగుడ్డలోకి దిగుతుంది. ఆ తర్వాతే ఉతకాలి. స్పిరిట్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి, ఆవకాయ కలిపే హడావుడిలో పొయ్యిపక్కన కూర్చుని మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

మామిడికి ఓ మొండి చుట్టం ఉంది... నల్లజీడి. దాని రసానికి సున్నం తోడైతే పడే గుర్తు పోనేపోదు. చాకిరేవుల్లో ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి ఒకప్పుడు దాంతోనే గుర్తులు పెట్టేవారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మనదేశానికొచ్చిన అమెరికా సైనికుల్లో కొందరికి సరిగ్గా ఆ గుర్తు తగిలేచోటే చర్మం పొక్కి దురదలు పుట్టాయి. వాళ్ల సైనిక వైద్యులు 1943లో దీనిమీద వ్యాసమే రాశారు.

ఇంతకీ ఆ పెళ్లింటి చొక్కాకి జరిగిన చివరి అన్యాయం ఇంకోటుంది. మచ్చ పోలేదని తెలిసీ ఇస్త్రీ చేయించారు. వేడి తగిలితే మిగిలిన కాస్త కర కూడా పోగుకి అతుక్కుపోతుంది. మచ్చ కనిపిస్తున్నంతకాలం ఇస్త్రీపెట్టె దగ్గరికి పంపకూడదు. ఇక రోజూ గెలలు మోసేవాళ్లను చూడండి... భుజాన ముందు ఓ పాత గోనెపట్టా వేసుకుంటారు. గెల ఎత్తేది ఆ తర్వాతే.